పాత జాతీయ పతాకాల రంగులకు అర్థం ఏమిటి, ఆ అర్థం ఎప్పుడు మారింది?

ప్రశ్న
రాసినవారు: సాంఘికశాస్త్రం టీచరు, కృష్ణా జిల్లా

అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాలలో ఆగస్టు 15 నాటికి మన దేశపు పాత జాతీయ పతాకాల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాము. పిల్లలు ఒక్కో జెండాను గుడ్డ మీద కుట్టి, దాని కింద నాలుగైదు వాక్యాల వివరణ అట్ట మీద రాసి పెడతారు. పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు మాకు దగ్గరే కావడం వల్ల ఈ పని మీద పిల్లలతో పాటు వారి తల్లిదండ్రులు కూడా ఎంతో ఆసక్తి చూపిస్తున్నారు.

అయితే వివరణలు రాయడం మొదలుపెట్టేసరికి ఒకదానితో ఒకటి పొసగని మాటలు ఎదురయ్యాయి. ఒక చోట రంగులు మతాలకు గుర్తులని ఉంది. మరొక చోట త్యాగం, శాంతి, పాడిపంటలు అని ఉంది. 1921 నాటి జెండా బొమ్మలో తెలుపు పైన, ఆకుపచ్చ నడుమ, ఎరుపు కింద ఉన్నాయి. మనకు తెలిసిన వరుసకు ఇది పూర్తిగా వేరు. ఎరుపు ఎప్పుడు కాషాయంగా మారింది, కింద ఉన్నది పైకి ఎందుకు వెళ్లింది, చరఖా స్థానంలోకి అశోక చక్రం ఎవరి నిర్ణయంతో వచ్చింది అని పిల్లలు అడుగుతున్నారు. వెంకయ్య గారు చేసినది సరిగ్గా ఏమిటన్నది కూడా వాళ్లకు స్పష్టంగా చెప్పాలని ఉంది. మా ఊళ్లో ఆయన మీద ఉన్న అభిమానం చాలా పెద్దది, అందుకే ఆయన గురించి రాసే ప్రతి వాక్యం నిలబడేదిగా ఉండాలని నా కోరిక. తెలిసిన పెద్దలు దయచేసి వివరంగా చెప్పండి.


మొదటి సమాధానం
రాసినవారు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, మచిలీపట్నం

అమ్మా, మంచి పని తలపెట్టారు. మీకు ఎదురైన చిక్కు ఒక్క కారణం వల్ల వస్తోంది. జెండా ఒక్కటే అయినట్టు, దానికి మొదటి నుంచీ ఒకే అర్థం ఉన్నట్టు అనుకుని రాసేవారు 1921 నాటి అర్థాన్ని తీసుకువచ్చి 1947 నాటి గుడ్డకు తగిలిస్తారు, లేదా నేటి అర్థాన్ని వెనక్కి తీసుకువెళ్లి పాత జెండాకు అంటగడతారు. అందువల్ల ప్రతి జెండా కిందా ముందుగా సంవత్సరం రాయించండి, ఆ సంవత్సరంలో దాన్ని ఎగరేసినవారు లేదా ఆమోదించినవారు చెప్పిన అర్థాన్ని మాత్రమే ఆ అట్ట మీద పెట్టించండి.

ఇక వెంకయ్య గారి సంగతి. ఆయన 1916లోనే మన దేశానికి ఒక జాతీయ పతాకం కావాలని వాదిస్తూ, ఇతర దేశాల జెండాలను వర్ణిస్తూ, ముప్పై వరకూ నమూనాలతో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. మా ఊరి ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేస్తూ, ఏటా జరిగే కాంగ్రెసు మహాసభలకు వెళ్లి, ఈ విషయాన్ని పట్టించుకోండని నాయకులను అడుగుతూ వచ్చారు. అప్పటికి కాంగ్రెసుకు తనదంటూ అందరూ ఒప్పుకున్న జెండా లేదు. ఆ లోటును ఒక సమస్యగా గుర్తించి, ఎవరూ అడగకపోయినా సంవత్సరాల పాటు దాని వెంటపడిన మనిషి ఆయన.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. అక్కడ జరిగినది తెలుసుకోవడానికి మనకు మంచి ఆధారం ఉంది. ఆ సమావేశం ముగిసిన రెండు వారాలకే, ఏప్రిల్ 13న, గాంధీ గారు తన యంగ్ ఇండియా పత్రికలో జాతీయ పతాకం గురించి ఒక వ్యాసం రాశారు. వెంకయ్య గారి పట్టుదలను తాను ఎప్పుడూ మెచ్చుకుంటూనే ఉన్నానని, కానీ అంతకు ముందు ఆయన చూపిన నమూనాలలో జాతిని కదిలించేది ఏదీ తనకు కనిపించలేదని అందులో దాపరికం లేకుండా చెప్పారు. జెండా మీద చరఖా ఉండాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్ ఇచ్చారనీ, అది తనకు వెంటనే నచ్చిందనీ రాశారు. బెజవాడలో వెంకయ్య గారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖాతో ఒక నమూనా ఇవ్వమని అడిగితే, మూడు గంటలలో జెండా చేతికి వచ్చిందని చెప్పారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తులని ఆ వ్యాసంలోనే స్పష్టంగా ఉంది.

మన పాఠాలలో తరచుగా తప్పిపోయే విషయం ఇక్కడే ఉంది. ఆ జెండా కమిటీ ముందు పెట్టే సమయానికి కొంచెం ఆలస్యంగా అందింది. కాబట్టి బెజవాడ సమావేశం దాన్ని ఆమోదించిందని రాయకండి. అలా ఆలస్యం కావడమే మంచిదయిందని గాంధీ గారు అన్నారు. ఎందుకంటే తరువాత నిదానంగా ఆలోచించినప్పుడు, రెండు మతాల రంగులు మాత్రమే ఉంటే మిగిలిన మతాలవారు ఏమవుతారన్న ప్రశ్న ఆయనకు కలిగింది. అందువల్ల తెలుపును చేర్చారు. వరుసను కూడా ఆయనే వివరించారు. సంఖ్యలో అందరికంటే తక్కువైనవారి గుర్తుగా తెలుపు పైన, తరువాత ఆకుపచ్చ, అందరికంటే ఎక్కువ మంది ఉన్నవారి ఎరుపు అడుగున ఉంటాయి. బలమైనవారు బలహీనులకు అండగా ఉండాలన్నది అందులోని భావం. మూడు పట్టీలకూ వెడల్పు సమానంగా ఉండాలనీ, అందరిలో చిన్నవారూ పెద్దవారితో సమానమేనన్నది దానివల్ల తెలియాలనీ అన్నారు. చరఖా బొమ్మ మూడు పట్టీలనూ కలుపుతూ ఉండేది. గుడ్డ తప్పనిసరిగా ఖద్దరు.

ఎరుపు కింద ఉండటం ఎరుపును తక్కువ చేయడం కాదు, భారం మోసే చోట నిలపడం. ఈ ఒక్క మాట పిల్లలకు అర్థమైతే ఆ జెండాను వారు మరిచిపోరు. నా మటుకు నాకు మన పాత పతాకాలన్నింటిలో వరుసకు ఇంత లోతైన అర్థం ఉన్నది ఇదొక్కటే.

ఆ ఏడాది డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసులో ఈ జెండా కనిపించింది. ఆ తరువాత పది సంవత్సరాలు తీర్మానమంటూ ఏదీ లేకుండానే దేశమంతటా ఎగిరింది. 1923లో జబల్పూరులో మొదలై నాగపూరులో ముదిరిన జెండా సత్యాగ్రహం ఈ జెండా కోసమే జరిగింది. జెండా పట్టుకుని ఊరేగింపుగా వెళ్లకూడదన్న ఆంక్షను ధిక్కరించడానికి వివిధ రాష్ట్రాల నుంచి వాలంటీర్లు నాగపూరు చేరుకుని, రోజూ కొందరు చొప్పున అరెస్టు అయ్యారు. జమ్నాలాల్ బజాజ్ జైలుకు వెళ్లిన తరువాత వల్లభభాయి పటేల్ వచ్చి దాన్ని నడిపించారు. ఆమోదముద్ర లేని ఒక జెండా కోసం వెయ్యి మందికి పైగా జైలుకు వెళ్లారంటే, జాతీయ పతాకం అన్న మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించవచ్చు.


రెండవ సమాధానం
రాసినవారు: పుణెలో స్థిరపడిన తెలుగు పాఠకుడు

అధ్యాపకులు 1921 గురించి చక్కగా వివరించారు కాబట్టి, నేను అంతకు ముందున్న జెండాల గురించి చెబుతాను.

1906 ఆగస్టు 7న కలకత్తాలోని పార్సీ బగాన్ కూడలిలో ఒక మూడు రంగుల జెండా ఎగిరింది. బెంగాలు విభజనకు నిరసనగా విదేశీ వస్తువుల బహిష్కరణ ప్రకటించి అప్పటికి ఏడాది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు, తెల్లని ఎనిమిది తామరలు, నడుమ వందే మాతరం అన్న అక్షరాలు, అడుగున సూర్యుడు, నెలవంక దాని గుర్తులు. సచీంద్ర ప్రసాద్ బోసు పేరు దీనితో ముడిపడి ఉంది. ఇంచుమించు అదే కాలంలో సోదరి నివేదిత వజ్రాయుధం గుర్తుతో మరొక జెండా తయారు చేశారు. ఎర్రటి గుడ్డ మీద పసుపు రంగులో వజ్రాయుధం, దానికి అటూ ఇటూ బెంగాలీ లిపిలో వందే మాతరం ఉండేవి. దధీచి మహర్షి తన ఎముకలను ఇచ్చి చేయించిన ఆయుధం కనుక వజ్రం స్వార్థత్యాగానికి గుర్తని ఆమె భావన.

మరుసటి ఏడాది, 1907 ఆగస్టు 22న, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో మేడమ్ భికాజీ కామా భారత జెండా విప్పి చూపారు. విదేశీ వేదిక మీద మన దేశం పేరుతో జెండా ఎత్తిన తొలి సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఆ జెండాను తరువాత ఇందులాల్ యాజ్ఞిక్ రహస్యంగా మన దేశానికి చేర్చారు. దాన్ని ఇక్కడ పుణెలో కేసరి మరాఠా గ్రంథాలయంలో భద్రపరిచారు. టీచరు గారికి నా మనవి ఏమిటంటే, ఈ జెండాకు పుస్తకాలలో, చార్టులలో రకరకాల బొమ్మలు తిరుగుతున్నాయి. కొన్నింటిలో పై పట్టీలో ఒకే తామర, ఏడు నక్షత్రాలు ఉంటాయి. పుణెలో ఉన్న గుడ్డలో మాత్రం పైన ఆకుపచ్చ పట్టీ మీద ఎనిమిది తామరలు, నడి పట్టీ మీద దేవనాగరిలో వందే మాతరం, కింద ఎర్ర పట్టీ మీద సూర్యుడు, నెలవంక ఉన్నాయి. కామా ఆ జెండా పట్టుకుని నిలబడిన ఫొటో కూడా ప్రసిద్ధమే. అసలు గుడ్డ మిగిలి ఉన్నప్పుడు దాన్ని చూసే కుట్టించడం న్యాయం. ఎనిమిది తామరలు నాటి బ్రిటిష్ ఇండియాలోని ఎనిమిది రాష్ట్రాలకు గుర్తులు. మతాలు సూర్యచంద్రులలో కనిపిస్తాయి, ప్రాంతాలు పువ్వులలో కనిపిస్తాయి, భాషగా ఒక నినాదం కనిపిస్తుంది. దేశాన్ని లెక్కపెట్టి ఒక గుడ్డ మీద చూపాలన్న తపన ఆ తరం జెండాలన్నింటిలో ఉంది.

1917 నాటి హోం రూల్ జెండా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అనిబిసెంటు, తిలక్ నడిపిన ఉద్యమంలో అది వాడుకలోకి వచ్చింది. ఐదు ఎర్ర పట్టీలు, నాలుగు ఆకుపచ్చ పట్టీలు, వాటి మీద సప్తర్షి మండలం ఆకారంలో ఏడు నక్షత్రాలు, ఒక మూల నెలవంకతో చుక్క ఉండేవి. పై ఎడమ మూలలో బ్రిటిష్ జెండా కూడా ఉండటం వల్ల అది సామ్రాజ్యం లోపలి స్వపరిపాలనను కోరిన కాలానికే పరిమితమైపోయింది. 1921 జెండాలో ఆ మూల గుర్తు లేకపోవడం, దాని బదులు నడుమ ఒక పనిముట్టు రావడం ఎంత పెద్ద మార్పో ఈ రెండింటినీ పక్కపక్కన వేలాడదీస్తే పిల్లలకు కనిపిస్తుంది.


మూడవ సమాధానం
రాసినవారు: న్యాయవాది, రాజమహేంద్రవరం

ఎరుపు కాషాయంగా మారిన కథ 1931కి చెందినది, అందులో కూడా మన తెలుగువారికి ముఖ్యమైన పాత్ర ఉంది.

గాంధీ గారు రంగులను మతాలతో ముడిపెట్టి చెప్పడం వల్ల, తెలుపులో అందరినీ కలపడం తమకు సరిపోదని భావించినవారు అడగడం మొదలుపెట్టారు. ముఖ్యంగా సిక్కులు తమ రంగుకు కూడా చోటు కావాలని కోరారు. ఈ కోరిక న్యాయమైనదే. కానీ ఆ దారిన వెళితే పట్టీలు పెరుగుతూ పోవడమే తప్ప ముగింపు ఉండదు. కరాచీ మహాసభ సమయంలో, 1931 ఏప్రిల్ 2న, కాంగ్రెసు కార్యవర్గం ఏడుగురితో ఒక పతాక సంఘాన్ని నియమించింది. వల్లభభాయి పటేల్, జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హర్దీకర్, వారితో పాటు సంచాలకుడుగా మన భోగరాజు పట్టాభి సీతారామయ్య అందులో ఉన్నారు. వెంకయ్య గారు పనిచేసిన ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారిలో పట్టాభి ఒకరన్నది మీ పిల్లలకు తప్పక చెప్పండి. మచిలీపట్నంలోని ఒక్క విద్యాలయానికి ఈ జెండా చరిత్రలో రెండు మలుపులతో సంబంధం ఉంది.

ఆ సంఘం రాష్ట్ర కాంగ్రెసు కమిటీల అభిప్రాయాలు తెప్పించుకుని చేసిన సిఫారసు వింటే ఇప్పటివారికి ఆశ్చర్యం కలగవచ్చు. మూడు రంగులనూ తీసివేసి, జెండా మొత్తం ఒకే కేసరి రంగులో ఉండాలని, కర్ర వైపు పై మూలన చరఖా ఉండాలని వారు చెప్పారు. ఒకే రంగు ఉంటే ఏ రంగు ఎవరిదన్న తగువే ఉండదన్నది వారి ఆలోచన. పైగా పాత జెండాలోని తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు అడ్డపట్టీలు అదే వరుసలో బల్గేరియా జెండాలోనూ ఉన్నాయి. చరఖాను తీసేస్తే రెండింటికీ తేడా తెలియదు.

అఖిల భారత కాంగ్రెసు కమిటీ ఆ సిఫారసును అంగీకరించలేదు. ఆగస్టులో బొంబాయిలో సమావేశమై, పైన కేసరి, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ, తెల్ల పట్టీ నడుమ ముదురు నీలం చరఖా ఉండే జెండాను ఆమోదించింది. పొడవు మూడు పాళ్లు, వెడల్పు రెండు పాళ్లు అని కొలత కూడా అప్పుడే నిర్ణయమైంది. ఎరుపు పోయింది, కేసరి వచ్చింది. తెలుపు నడుమకు చేరి, రెండు ముదురు రంగుల మధ్య చరఖాకు స్పష్టమైన నేపథ్యం అయింది. వీటన్నింటికంటే ముఖ్యమైనది ఆ తీర్మానంలోని మాట. ఈ రంగులకు మతపరమైన అర్థం ఏదీ లేదని అందులో స్పష్టం చేశారు. కేసరి ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తులని, చరఖా సామాన్య ప్రజల ఆశకు గుర్తని నిర్వచించారు.

కాబట్టి టీచరు గారూ, మీకు కనిపించిన రెండు రకాల మాటలూ నిజమే. 1921 అట్ట మీద మతాల మాట రాయాలి, ఎందుకంటే రూపం నిర్ణయించిన మనిషే అలా చెప్పారు. 1931 అట్ట మీద ఆ మాట రాయకూడదు, ఎందుకంటే ఆమోదించిన సభ దాన్ని తెలిసి తొలగించింది. పాత అర్థం దానంతట అది మరుగున పడలేదు. పదేళ్ల అనుభవం తరువాత, దానివల్ల కలిగిన ఇబ్బందిని చూసి, అందరూ కూర్చుని తీర్మానం చేసి మార్చుకున్నారు. నేటికీ రంగులను మతాలకు పంచి పిల్లలకు చెప్పేవారు ఉన్నారు. వారు 1931కి ముందరి కాలానికి వెళుతున్నారని మర్యాదగా గుర్తు చేయాలి.

ఆ చరఖా జెండాకు ఉన్న పట్టు ఎంతటిదో తెలియడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు అధికారికంగా బ్రిటిష్ ఇండియా పతాకం కిందనే ఆడింది. జర్మనీతో ఫైనల్‌కు ముందు అసిస్టెంటు మేనేజరు పంకజ్ గుప్తా చరఖా జెండాను బయటకు తీశారనీ, ఆటగాళ్లందరూ దానికి వందనం చేసి మైదానంలోకి వెళ్లారనీ ధ్యాన్‌చంద్ తన జ్ఞాపకాలలో చెప్పారు.


నాలుగవ సమాధానం
రాసినవారు: పరకాల వాస్తవ్యుడు, తెలంగాణ

మా ప్రాంతపు మాట కూడా ఈ చర్చలో ఉండాలని రాస్తున్నాను. 1947 ఆగస్టులో దేశమంతా జెండా ఎగరేస్తుంటే హైదరాబాద్ సంస్థానంలో అది నేరం. ఇక్కడి జెండా వేరు. అసఫ్ జాహీల పసుపు పతాకం నడుమ తెల్లని వృత్తం ఉండేది. దాన్ని కుల్చా రొట్టె అంటారు. వంశ స్థాపకుడికి ఒక సూఫీ గురువు పసుపు గుడ్డలో కుల్చాలు కట్టి ఇచ్చారని, ఆయన ఏడు తిన్నందుకు వంశం ఏడు తరాలు ఏలుతుందని దీవించారని కథ చెబుతారు. ఆ గుర్తు పాలించే కుటుంబపు అదృష్టాన్ని చెబుతుంది, ప్రజల గురించి అందులో ఏమీ లేదు. చరఖా ఉన్న జెండా మా పల్లెలకు వచ్చినప్పుడు జనం దాన్ని తమదిగా పట్టుకోవడానికి ఈ తేడా ఒక కారణమని నేను నమ్ముతాను. నూలు వడకడం, నేయడం మా ఇళ్లలోని పనులే.

1947 ఆగస్టు 15న జెండా ఎగరేసే కార్యక్రమానికి నాయకత్వం వహించిన స్వామి రామానంద తీర్థను నిజాం ప్రభుత్వం అరెస్టు చేసింది. సెప్టెంబరు 2న మా పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం మీద కాల్పులు జరిగి పలువురు చనిపోయారు. వారి స్మారకంగా ఇక్కడ అమరధామం ఉంది. మీ ప్రదర్శనలో అసఫ్ జాహీ పతాకాన్ని కూడా ఒక మూల పెట్టించి, జాతీయ పతాకం కోసం తెలుగు నేల మీద 1947 ఆగస్టు తరువాత కూడా ప్రాణాలు పోయాయని ఒక వాక్యం రాయించమని కోరుతున్నాను.


ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పరకాల వారి కోరిక తప్పక తీరుస్తాము. న్యాయవాది గారు చెప్పిన 1921, 1931 తేడాతో మా చిక్కు చాలావరకు విడిపోయింది. ఇక మిగిలినవి రెండు. చరఖా తీసేసి అశోక చక్రం పెట్టడానికి చెప్పిన కారణం ఏమిటి? వెంకయ్య గారిని మన జాతీయ పతాక రూపకర్త అని రాయవచ్చా, రాయకూడదా?


ఐదవ సమాధానం
రాసినవారు: గుంటూరు పాఠకురాలు

రెండవ ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. తప్పకుండా రాయాలి. చరఖా ఆలోచన ఒకరిది, తెలుపు ఒకరిది, చక్రం మరొకరిది అని విడదీసుకుంటూ వెళితే చివరికి ఆ మహనీయుడికి మూడు గంటల కుట్టుపని మాత్రమే మిగిలినట్టు అవుతుంది. జీవితమంతా పేదరికంలో గడిపి, 1963 జులై 4న కన్నుమూసిన మనిషికి ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేయడానికి 2009 వరకూ పట్టింది. ఇప్పుడు మనమే ఆయన పేరు పక్కన షరతులు రాస్తే ఎలా?


ఆరవ సమాధానం
రాసినవారు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, మచిలీపట్నం

గుంటూరు సోదరి ఆవేదనను గౌరవిస్తున్నాను. అయితే ఆయన చేసినదాన్ని ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయన తగ్గిపోతారని నేను అనుకోను. నమూనా గీయడం కంటే ముందు జెండా కావాలన్న పట్టుదల ఉండాలి. 1916 నుంచి 1921 వరకూ ఆ పట్టుదల ప్రధానంగా ఆయనది. గాంధీ గారికి జెండా అన్న ఆలోచన కలిగినప్పుడు బెజవాడలో గుర్తుకు వచ్చిన మనిషి ఆయనే. 1921 నాటి స్వరాజ్య పతాకం మొదటి ప్రతి ఆయన చేతి నుంచి వచ్చింది. నేటి పతాకం ఆ వరుసలో పుట్టినదే. నేను మీ అట్ట మీద ఇలా రాయిస్తాను: 1921లో గాంధీజీ కోరిక మేరకు స్వరాజ్య పతాకపు తొలి రూపాన్ని తయారు చేసినవారు పింగళి వెంకయ్య, 1931, 1947లలో జరిగిన మార్పులతో అదే నేటి జాతీయ పతాకమైంది. ఈ వాక్యాన్ని ఎవరూ కాదనలేరు. రూపకర్త అని ఒక్క మాటలో రాస్తే మాత్రం, అశోక చక్రం ఎవరు పెట్టారని ఒక పిల్లవాడు అడిగిన మరుక్షణం మన దగ్గర సమాధానం ఉండదు. ఇప్పుడున్న రూపంలో తొలి ప్రతిని ఐ.సి.ఎస్. అధికారి బద్రుద్దీన్ త్యాబ్జీ భార్య సురయ్యా త్యాబ్జీ తయారు చేయించారన్న వాదన కూడా ఉంది. రాజ్యాంగ సభ చర్చలలో మాత్రం రూపకర్త అంటూ ఎవరి పేరూ లేదు, అది సభ అందరి తరఫున స్వీకరించిన పతాకంగానే కనిపిస్తుంది.

ఇక చక్రం సంగతి. 1947 జూన్‌లో రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షతన రాజ్యాంగ సభ ఒక పతాక సంఘాన్ని వేసింది. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేడ్కర్ వంటివారు అందులో ఉన్నారు. జులై 22న నెహ్రూ తీర్మానం ప్రవేశపెట్టారు. ఖాదీ పట్టుతో చేసిన జెండా ఒకటి, ఖాదీ నూలుతో చేసినది ఒకటి సభకు చూపారు. ఆయన చెప్పిన మొదటి కారణం చాలా సామాన్యమైనది. జెండా రెండు వైపుల నుంచీ ఒకేలా కనిపించాలి. చరఖాలో ఒక వైపు చక్రం, మరొక వైపు కదురు ఉంటాయి కనుక వెనుక నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. తిరగబడకుండా గీస్తే, చక్రం ఎప్పుడూ కర్ర వైపే ఉండాలన్న నియమం వెనుక వైపున చెదిరిపోతుంది. అందువల్ల చరఖాలోని చక్రాన్ని మాత్రం ఉంచి, దాని రూపాన్ని సారనాథ్‌లోని అశోకుడి సింహ స్తంభశీర్షం నుంచి తీసుకున్నారు. సింహాల పాదాల కింది పట్టీ మీద ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం బొమ్మల నడుమ ఉన్నవే ఆ చక్రాలు. తీర్మానంలో ఈ చక్రం చరఖాకు ప్రతీక అనే రాశారు. చరఖాను తొలగించామని ఎక్కడా అనలేదు. హెచ్.వి. కామత్ చక్రం లోపల స్వస్తిక గుర్తు ఉండాలని సవరణ తెచ్చి, నమూనా చూసిన తరువాత ఉపసంహరించుకున్నారు.

తీర్మానంలో రంగుల అర్థాల గురించి ఒక్క మాట కూడా లేదు. ఆ అర్థాలను ఆనాటి చర్చలో వివరించినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. కాషాయం నిస్వార్థానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ మట్టితోనూ పచ్చని మొక్కలతోనూ మనకున్న బంధానికి గుర్తులని, చక్రం ధర్మానికీ కదలికకూ గుర్తని ఆయన చెప్పారు. నేడు పాఠ్యపుస్తకాలలో మనం చదివేది చాలావరకు ఆ ప్రసంగం నుంచి వచ్చినదే. ఆకుపచ్చ 1921లో ఒక మతం, 1931లో విశ్వాసం, శౌర్యం, 1947లో నేల.

ఈ మార్పు గాంధీ గారికి నచ్చలేదు. చరఖా లేని జెండాకు తాను వందనం చేయనని ఆగస్టు మొదటి వారంలో అన్నారు. దీన్ని పిల్లల దగ్గర దాచనక్కరలేదు. రెండు వైపులా ఒకేలా కనిపించాలన్న కారణం సరైనదే అయినా, పేదవాడి చేతిలోని పనిముట్టు స్థానంలోకి చక్రవర్తి శిల్పం రావడం ఆయనను బాధించిందంటే దానికీ అర్థం ఉంది. ఈ విషయంలో నా మనసు గాంధీ గారి వైపే మొగ్గుతుంది. అయినా నెహ్రూ చెప్పిన కారణానికి జవాబు ఇవ్వడం కష్టమని కూడా ఒప్పుకోవాలి.

కుట్టేటప్పుడు రెండు విషయాలు గమనించండి. 1931 జెండాలో చరఖా తెల్ల పట్టీలోనే ఇమడాలి, 1921 దానిలో మూడు పట్టీల మీదుగా సాగాలి. రెండింటిలోనూ పెద్ద చక్రం కర్ర వైపు, కదురు చివరి అంచు వైపు వచ్చేలా కుట్టించండి. నెహ్రూ చెప్పిన ఇబ్బంది ఏమిటో తెలియాలంటే ఆ జెండాను గోడకు ఆనించకుండా, పిల్లలు వెనుక నుంచి కూడా చూడగలిగేలా నడవాలో వేలాడదీయండి.